పద్నాలుగు నిమిషాల విమానం

బెంగళూరు,
తేది 4-7-2025.

కార్మిక శాఖ విచారణాధికారి గారి సముఖమునకు, పీణ్య పారిశ్రామికవాడ రెండవ దశలో మోటార్లకు కాయిల్ చుట్టు పని చేసుకొని జీవించు భాగీరథమ్మ, వయసు 46, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మోలిక్ దీవి విమానాశ్రయం నుండి సెరావా దీవి విమానాశ్రయమునకు గల దూరము, ప్రయాణ కాలము తప్పుగా రాసి, తప్పని తెలిసిన పిమ్మట దానిని దాచి, నా తమ్ముడు మునిరాజు (29) మరణమునకు కారకుడైన లలిత్ అను ప్రాజెక్టు మేనేజరును శిక్షించుట గురించి.

సూచిక: మే 20న తమ కార్యాలయం నుండి నాకు అందిన జాబు. అందులోని "సముద్ర ప్రయాణంలో కలిగిన అనివార్య ఆలస్యం" అను మాట.

ఈ అర్జీని కన్నడంలో రాయించవచ్చును. కానీ తమ కార్యాలయం ఎదుట జిరాక్సు అంగడి పెట్టుకున్న కదిరప్ప, తమరు మదనపల్లె వైపువారని చెప్పాడు. నేను పుంగనూరులో అమ్మమ్మ ఇంట ఉండి పదవ తరగతి వరకు తెలుగులో చదివినదానిని. కోపం వచ్చినప్పుడు నాకు వేరే భాషలో మాట కుదరదు. కనుక తెలుగులోనే మనవి చేసుకొనుచున్నాను.

1. సదరు మునిరాజు నాకు పదిహేడేళ్లు చిన్న. వాడికి నాలుగేళ్లప్పుడు హొసకోటెలో మా అమ్మ పోయింది. అప్పటికే నాకు సంబంధం కుదిరి ఉండెను. పిల్లవాడిని వెంట తెచ్చుకోవడానికి ఆ ఇంటివారు ఒప్పుకోలేదు. నేను ఆ ఇంటికి పోలేదు. ఆ విషయమై నాకు ఎన్నడూ చింత లేదు. వాడు ఐటిఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకొని, విమానాశ్రయాలలో రన్‌వే పొడవునా లైట్లు బిగించే పనిలో చేరాడు. మహదేవపురలోని ఒక కాంట్రాక్టు కంపెనీ వాడిని పనిలో పెట్టుకున్నది. ఆ కంపెనీలోనే సదరు లలిత్ మేనేజరు.

2. గత జనవరిలో మోలిక్ దీవికి పోవలెనని వాడికి ఉత్తర్వు వచ్చింది. అక్కడి చిన్న విమానాశ్రయంలో పాత రన్‌వేను తవ్వి కొత్తది వేయుచున్నారు. కొత్త దీపాలు బిగించవలెను. వాడు వెనకాడాడు. "అక్కా, ఆడ ఆస్పత్రి లేదంట. గురప్పన్న చెప్పినాడు" అన్నాడు. గురప్ప అనగా వాడితో పనిచేయు పెద్ద ఫిట్టరు, హిందూపురం వైపు మనిషి.

ఆస్పత్రి సంగతి అడుగుదామని నేనే వాడిని వెంటబెట్టుకొని మహదేవపుర ఆఫీసుకు పోయాను. లలిత్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఒక కాగితం తీసి చూపించాడు. "ఆంటీ, ఇదిగో ఎమర్జెన్సీ ప్లాన్. హాస్పిటల్ పక్క దీవిలో, సెరావాలో ఉంది. యాభై ఎనిమిది కిలోమీటర్లు. ఫ్లైట్‌లో పద్నాలుగు నిమిషాలు. మీరు పీణ్య నుంచి మెజెస్టిక్‌కి కూడా అంత ఫాస్ట్‌గా వెళ్లలేరు" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. బయటికి వచ్చిన తరువాత తమ్ముడితో, "పద్నాలుగు నిమిషాలే కదరా. భయపడకుండా పో" అన్నాను. ఈ అర్జీలో లలిత్ నేరమును గురించి ఎన్ని పేజీలు రాసినా, ఆ మాట అన్నది నేనే. దీనిని కూడా తమ రికార్డులో చేర్చుకొనవలసినదిగా మనవి.

3. ఆ యాభై ఎనిమిది, ఆ పద్నాలుగు ఎక్కడివో తరువాత కదిరప్ప తన కంప్యూటరులో వెతికి చూపించాడు. ప్రపంచంలోని ఏ రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టినా వాటి మధ్య దూరము, ఎగురు కాలము చెప్పు పేజీ ఒకటి ఉన్నది. మోలిక్, సెరావా అని కొట్టగానే అవే అంకెలు వచ్చినవి. రెండు దీవులకూ గడియారంలో తేడా లేదని కూడా అక్కడ రాసి ఉన్నది. అన్నిటికన్నా కింద చిన్న అక్షరాలలో, ఇది పటం మీద తిన్నగా గీత గీసి లెక్క వేసిన దూరమనీ, ఈ రెండింటి నడుమ విమానాలు నడుస్తున్నదీ లేనిదీ ఈ పేజీ చెప్పదనీ ఉన్నది.

లలిత్ పై వరుస ఎత్తి కాగితంలో రాసుకున్నాడు. కింది వరుస వదిలేశాడు. ఆ రెండు దీవుల నడుమ ఏనాడూ విమానం నడవలేదు. నడిపించుదామన్నా మోలిక్‌లో రన్‌వే తవ్వి ఉన్నది. అది తవ్వించుచున్న కంపెనీ మేనేజరే, ఆ రన్‌వే మీద విమానం దిగుతుందని రాసి సంతకం చేశాడు.

4. ఫిబ్రవరి 11, మంగళవారం నాడు జరిగినది. ఇది గురప్ప నా ఎదుట చెప్పినది చెప్పినట్టు రాయుచున్నాను. తమరు పిలిస్తే వచ్చి సాక్ష్యం చెప్పుటకు అతడు సిద్ధము.

ఉదయం తొమ్మిది పదికి, కేబుల్ చుట్టిన చెక్క డ్రమ్ము జారి, రన్‌వే పక్కన కేబుల్ కోసం తవ్విన కాలువలోకి దొర్లింది. కాలువలో మునిరాజు ఉన్నాడు. నడుము నుండి తొడ దాకా నలిగింది. నలుగురు కలిసి డ్రమ్ము లేపి వాడిని బయటికి తీశారు. కట్లు కట్టే కాంపౌండరు తప్ప దీవిలో వైద్యుడు లేడు. కాంపౌండరు తొడ బిగించి కట్టి, "లోపల రక్తం పోతున్నట్టుంది, బేగ ఆస్పత్రికి తీసుకుపోండి" అన్నాడు. వాడికి స్పృహ ఉన్నది. మాట్లాడుతున్నాడు.

తొమ్మిది ఇరవైకి గురప్ప లలిత్‌కు ఫోన్ చేశాడు. విమానం సంగతి చూస్తానని లలిత్ చెప్పాడు. బియ్యం, కూరగాయలు దించిన బోటు ఒకటి పది గంటలకు సెరావాకు తిరిగి పోతుంది. పదికి ఐదు నిమిషాలుండగా బోటువాడు హారన్ కొడుతున్నాడు. గురప్ప మళ్లీ ఫోన్ చేశాడు.

"సార్, బోటు పోతా ఉండాది. ఎక్కించేస్తాం."

"వద్దు గురప్పా, వద్దు. బోట్ అంటే ఆరేడు గంటలు. ఎయిర్‌లో తీసుకెళ్దాం, నేను ఇక్కడ కోఆర్డినేట్ చేస్తున్నా. పేషెంట్‌ని కదిలించొద్దు."

బోటు పోయింది.

వాడిని రన్‌వేలో ఇంకా తవ్వని కొస దగ్గరికి మోసుకుపోయి, టార్పాలిన్ నీడలో పడుకోబెట్టారు. మునిరాజు గురప్ప చెయ్యి పట్టుకొని, "యాడ దిగుతాదన్నా విమానం? తవ్విండేది మనమే కదా" అన్నాడు.

"హెలికాప్టరేమోలేరా. సారు చెప్తా ఉండాడు కదా" అన్నాడు గురప్ప.

ఈ మాట గురప్ప మా తలుపు పట్టుకొని నిలబడే నాకు చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

పన్నెండు నలభైకి లలిత్ ఫోన్ చేసి, వాతావరణం బాగాలేదు, ఎయిర్ కుదరదు, బోటు చూసుకోండి అన్నాడు. గురప్ప అదే నిమిషంలో తీసిన ఫోటో జతపరచడమైనది. అందులో టార్పాలిన్ ఉన్నది, నా తమ్ముడి పాదాలు ఉన్నవి, పైన ఆకాశమంతా నీలంగా ఉన్నది. మబ్బు తునక కనబడితే తమరు నా అర్జీని చించి పారవేయవచ్చును.

ఒంటిగంట ఇరవైకి చేపల పడవ దొరికింది. దారిలో వాడు "ఎంత దూరమన్నా" అని అడిగినప్పుడల్లా గురప్ప "వచ్చేసిందిరా" అన్నాడు. సాయంత్రం ఆరు ఇరవైకి వాడు అడగటం మానేశాడు. ఎనిమిది గంటలకు పడవ సెరావా చేరింది.

5. తమ జాబుకు ముందే కంపెనీ వారు కూడా ఆలస్యం అనివార్యమన్నారు. కనుక నేను మార్చి నెలలో గురప్పను తోడు తీసుకొని ఆ దీవులకు పోయాను. జీవితంలో విమానం ఎక్కినది అప్పుడే. సెరావాలో దిగి, సరుకుల బోటులో మోలిక్‌కు పోయి, అక్కడ అదే చేపల పడవ ఎక్కాను. నా తమ్ముడిని పడుకోబెట్టిన పలక మీద పడుకున్నాను. మధ్యలో మునిగిన రాళ్లు ఉన్నందున పడవ చుట్టూ తిరిగి పోవలెను. పటం మీద గీత యాభై ఎనిమిది అయితే, నీళ్ల మీద దారి ఎనభై మూడు.

ఐదు గంటలు గడిచినప్పుడు గురప్ప నా భుజం తట్టి, "ఈడనేమ్మా" అన్నాడు. లేచి చూశాను. చుట్టూ నీళ్లు. గుర్తు పెట్టుకొనుటకు ఒక చెట్టు లేదు, ఒక రాయి లేదు. నా తమ్ముడు చనిపోయిన చోటికి నేను మళ్లీ పోలేను, దారి అడిగితే ఎవరూ చెప్పలేరు.

మొత్తం ప్రయాణం ఆరు గంటల నలభై నిమిషాలు. ఇప్పుడు తమరు దయచేసి లెక్క చూడవలెను. పది గంటల బోటు ఎక్కి ఉంటే వాడు సాయంత్రం నాలుగు నలభైకి ఆస్పత్రిలో ఉండేవాడు. వాడు ఆరు ఇరవై దాకా బతికి ఉన్నాడు. ఈ గంటా నలభై నిమిషాలను "అనివార్యం" అని రాసిన గుమాస్తా ఎవరో నాకు తెలియదు. వారికి తోడబుట్టినవారు ఉండకపోవచ్చును.

6. నేను వేధించుచున్నానని సదరు కంపెనీ వారు పోలీసులకు ఫిర్యాదు చేసిన సంగతి తమకు తెలిసినదే. ఆ ఆరోపణ నిజము. ఒప్పుకొనుచున్నాను.

దీవుల నుండి వచ్చినది మొదలు, పగటి పనిని రెండవ షిఫ్టుకు మార్పించుకొని, నలభై ఒక్క దినములు మహదేవపురలో వారి గేటు ముందు నిలబడ్డాను. లలిత్ కారు వచ్చినప్పుడల్లా ఒక్కటే అడిగేదాన్ని. "లలిత్ సార్, పదిగంటల బోటును పోనిచ్చింది ఎవరు?" మొదట్లో అద్దం దించి "ఆంటీ, ఐ యామ్ రియల్లీ సారీ" అనేవాడు. తరువాత అద్దం దించలేదు. తరువాత రెండవ గేటు గుండా రాసాగాడు. ఏ రోజు ఏ గేటో నాకు చెప్పిన మనిషి ఒకడున్నాడు. అతని ఉద్యోగం పోకూడదు గనుక పేరు రాయను.

జూన్ 8, ఆదివారం నాడు లలిత్ నిశ్చితార్థమని కూడా ఆ మనిషే చెప్పాడు. నేను పట్టుచీర కట్టుకొని పోయాను. కానుకలు ఇచ్చువారి వరుసలో నిలబడి మెట్లెక్కాను. సైటులో గురప్పకు ఇచ్చిన ఎమర్జెన్సీ కాగితపు నకలు కవరులో నుండి తీసి పెళ్లికూతురు చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి పేరు కిరణ్మయి.

"ఏంటమ్మా ఇది?" అన్నది ఆ అమ్మాయి.

"నీకు కాబోయే మొగుడు రాసింది. పద్నాలుగు నిమిషాల్లో ఆస్పత్రికి చేరుస్తానని రాసి, నా తమ్మున్ని మూడు గంటలు రన్‌వే కొసన పండబెట్టినాడు. ఆకాశం చూసుకుంటా చచ్చిపోయినాడు వాడు. నీకు ఎప్పుడన్నా బాగలేకపోతే ఈయప్ప ఏం కాగితం రాస్తాడో అడుగు" అన్నాను.

సన్నాయి ఆగిపోయింది. లలిత్ పెదనాన్న కాబోలు, నన్ను చెయ్యి పట్టి దించాడు. మెట్లు దిగుతూ కూడా నేను మాట్లాడుతూనే ఉన్నాను. భోజనాలు జరిగినవో లేదో తెలియదు. ఆ పెళ్లి ఆగిపోయినదని మూడవనాడు విన్నాను. ఆ పూట మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను. పశ్చాత్తాపము లేదు. ఇదే పని మళ్లీ చేయవలసి వస్తే మళ్లీ చేసెదను.

7. జూన్ 16న, మధ్యాహ్నం, పీణ్యలో మా అంగడికి కిరణ్మయి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకొని చేతిలో తీగ వదలకుండానే లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చొని ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"అమ్మా, మీ తమ్ముడికి దెబ్బ తగిలిన రోజు ఉదయం లలిత్ నాకు పెట్టిన మెసేజ్‌లు. మీరు చదవండి" అన్నది.

అవి ఉన్నవి ఉన్నట్టు కింద రాయుచున్నాను. నకలు జతపరచడమైనది.

తొమ్మిది నలభై ఎనిమిది, లలిత్: "పెద్ద ప్రాబ్లం. ఎమర్జెన్సీ పేపర్‌లో ఫ్లైట్ అని వేసేశా. రన్‌వే క్లోజ్డ్. ఏ ప్లేనూ దిగదు అంటున్నారు."

తొమ్మిది యాభై, కిరణ్మయి: "బోట్ లేదా?"

తొమ్మిది యాభై రెండు, లలిత్: "పదికి ఒకటుంది. అందులో పంపిస్తే నా పేపర్ తప్పని రికార్డ్ అయిపోతుంది. హెలికాప్టర్ దొరికితే కవర్ అవుతుంది. ట్రై చేస్తున్నా."

తొమ్మిది యాభై మూడు, కిరణ్మయి: "ముందు బోట్ ఎక్కించు లలిత్."

దానికి జవాబు లేదు. రెండు నిమిషాల తరువాత అతడు గురప్పతో చెప్పినది పైన నాలుగవ అంశములో రాసి ఉన్నాను.

అయ్యా, అంతవరకు నేను అతడిని తెలివితక్కువవాడు అనుకున్నాను. తెలియక రాశాడు, తెలియక ఆపాడు, అందుకే ద్వేషించాను. విమానం రాదని అతనికి తెలిసి, బోటు ఇంకా ఒడ్డునే ఉన్నదని తెలిసి, ఒక కాగితానికి మచ్చ పడకూడదని నా తమ్ముడిని పడుకోబెట్టాడు. ఆ రోజు మా అంగడిలో నేను చుట్టిన కాయిల్ అంతా విప్పి మళ్లీ చుట్టవలసి వచ్చింది.

నేను ఆ అమ్మాయిని కూడా వదల్లేదు. "నాలుగు నెలలు ఇది చేతిలో పెట్టుకోని ఏం చేస్తా ఉంటివి?" అని అడిగాను.

"పెళ్లి చీరలు కొనుక్కుంటున్నానమ్మా" అన్నది. ఆ మాట అని తల వంచుకున్నది. "అతను బతికాడనే చెప్పాడు లలిత్. కాలికి దెబ్బ, తగ్గిపోయింది అన్నాడు. నేను నమ్మాను. నమ్మితే బాగుంటుందని నమ్మాను. మీరు స్టేజీ ఎక్కేదాకా."

విచారణకు వచ్చి ఈ ఫోన్ తమ ఎదుట పెట్టుటకు ఆమె ఒప్పుకున్నది.

8. కావున నేను కోరునవి:

మే 20 నాటి జాబును రద్దు చేసి విచారణ తిరిగి తెరవవలెను. "అనివార్య" అను మాటను కొట్టివేసి, దాని పక్కన అధికారి సంతకము పెట్టవలెను.

ఆ కాగితమును చదవకనే దానిపై ముద్ర వేసిన కంపెనీ పెద్దల పేర్లు నాకు రాతమూలకముగా తెలుపవలెను. లలిత్ ఒక్కడినే బలి ఇచ్చి వారు తప్పుకొనుటకు నేను ఒప్పుకోను. గేట్లు ఇంకా ఉన్నవి, నాకు రెండవ షిఫ్టు ఇంకా ఉన్నది.

లలిత్ తన నోటితో, గురప్ప ఎదుట, నా ఎదుట, ఆ మెసేజ్‌లు మొదటి నుండి చివరి దాకా చదవవలెను. నిలబడి చదవవలెను.

అతడిని మోలిక్ నుండి సెరావాకు చేపల పడవలో, ఆ పలక మీద పడుకోబెట్టి పంపవలెను. దారిలో ఎంత దూరమని అడిగితే ఎవరూ జవాబు చెప్పకూడదు. ఇటువంటి శిక్ష చట్టములో లేదని కదిరప్ప చెప్పాడు. లేకపోయినను నేను కోరినట్టు రాసుకొనవలెను.

పరిహారము గురించి నేను ఏమీ అడుగుట లేదు. కంపెనీ మనిషి ఆ మాట ఎత్తుకొని ఇంటికి వస్తే, తలుపు వేశాను. తమరు కూడా ఎత్తవద్దు.

పై సంగతులన్నియు నా చేతి రాతతో రాసినవి. ఒకరు చెప్పగా రాసినవి కావు. కోపముతో రాసిన మాటలున్న చోట కోపమును, లెక్క ఉన్న చోట లెక్కను, వేరు వేరుగా చిత్తగించవలెను.

ఇట్లు,
న్యాయము జరుగువరకు తమ గుమ్మము వదలని
తమ విధేయురాలు,
భాగీరథమ్మ

తా.క.: ఇది వెనక పేజీలో రాస్తున్నాను, అక్షరాలు బాగుండవు, మన్నించండి.

ఈ ఉదయం కదిరప్ప అంగడిలో నకళ్లు తీయిస్తూ ఉంటే లలిత్ వచ్చాడు. మెసేజ్‌లు నాకు ఇచ్చేశానని కిరణ్మయి అతనితో చెప్పిందట. గేటు దగ్గర నేను చూసిన మనిషి కాదు. గడ్డం పెరిగింది, చొక్కా మాసింది. "అక్కా, అవి ఇవ్వొద్దక్కా. ఇచ్చారంటే నేనింక ఉండను. చచ్చిపోతాను" అన్నాడు. మొదటిసారి అక్కా అన్నాడు.

ఐదు నెలలుగా నేను దేవుడిని అడిగింది అదే సారూ. వాడే వచ్చి నా ముందు ఆ మాట అంటే సంతోషం కలుగుతుందనుకున్నాను. నాకు భయం వేసింది. వాడి చొక్కా పట్టుకున్నాను.

"చచ్చేది అంత సులభమా నీకు? నువ్వు పోతే కంపెనీవాళ్లు అంతా నీ మీద ఏసి ఫైలు మూసేస్తారు. నువ్వు బతికి ఉండాలప్పా. బోటు ఉండాది, నేనే పోనిచ్చినాను అని సారు ముందర నువ్వు చెప్పాల. ఎన్ని తూర్లు పిలిస్తే అన్ని తూర్లు వచ్చి చెప్పాల. ముసలోడు అయ్యేదాకా చెప్పాల. అంతవరకు నిన్ను చావనియ్యను" అన్నాను.

వాడు అంగడి మెట్ల మీద కూర్చొని ఏడ్చాడు. నిన్నటి నుండి ఏమీ తినలేదట. కదిరప్ప ఇడ్లీ తెప్పించాడు. తినమన్నాను. తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చొని చూశాను. వాడిని క్షమించలేదు. వాళ్ల అమ్మకు ఫోన్ చేయించి, ఇక్కడికి రమ్మన్నాను. ఆమె దారిలో ఉంది.

ఇప్పుడు తమ గది బయట బెంచీ మీద నా పక్కనే కూర్చొని ఉన్నాడు. చొక్కా చెయ్యి నేనింకా వదల్లేదు. చెబుతానంటున్నాడు. తమరు భోజనానికి లేస్తున్నారని ప్యూను అంటున్నాడు.

లేవకండి సారూ. ముందు వీడిని లోపలికి పిలవండి.